సద్దిరొట్టెకు పైనిప్పు

మా చిన్నాయన కొడుకు కాశి మొన్న ఊరి నుంచి వచ్చి, చెప్పులు విప్పకముందే, "అక్కా, అత్త పోయింది" అన్నాడు. ఏ అత్త అని నేను అడగలేదు. మాకు అత్తలకు కొదవ లేదు గాని, పేరూ ఊరూ ఏదీ తగిలించకుండా ఉత్త అత్త అంటే ఒకామే. మా నాయనకూ చిన్నాయనకూ అక్క. నిద్రలోనే పోయిందట, ఎవరినీ మంచినీళ్ళు కూడా అడగలేదట. కాశికి కాఫీ ఇచ్చి, వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చి వచ్చాను.

తర్వాత ఇద్దరం కూర్చొని ఆమె గురించి మాట్లాడుకున్నాం. చిత్రమేమిటంటే, ఆమె ముఖం దగ్గర మా ఇద్దరికీ కుదరలేదు. వాడేమో కోలముఖం అంటాడు, నేనేమో గుండ్రటి ముఖం అంటాను. ముక్కుపుడక ఉండేదా లేదా అన్నదాని మీద కూడా తగువు పడ్డాం. చేతుల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరిదీ ఒకటే మాట. అరచేతులు వెడల్పు, వేళ్ళు పొట్టి, కుడిచేతి బొటనవేలి పక్కన ఎప్పుడో కాలిన మచ్చ. ఆ చేతులు మా ముఖాల ముందు పిండి కలుపుతుండగా పెరిగినవాళ్ళం గనక ముఖం సరిగ్గా చూసి ఉండం.

మా ఊరు మార్కాపురం తాలూకాలో, పుల్లలచెరువు పోయే దారిలో ఉంది. అప్పటికి మేం కర్నూలు జిల్లా వాళ్ళం, మద్రాసు గవర్నమెంటు కింద ఉండేవాళ్ళం. మా చుట్టుపక్కల చెరువు పేరున్న ఊళ్ళు చాలానే ఉన్నాయి గాని నీళ్ళున్న చెరువులు తక్కువ. తెల్లవారకముందే ఆడవాళ్ళు కడవలెత్తుకొని ఊరి బయట దిగుడుబావికి పోవాలి. ఊట నీళ్ళు ముంచుకొని, మోసుకొచ్చి పోసి, మళ్ళీ పోయి, అటునుంచి అటే చేలోకి. పొద్దున పూట పొయ్యి ముట్టించే తీరిక ఏ ఇంట్లోనూ ఉండేది కాదు. పిల్లలు రాత్రి మిగిలిన అన్నంలోనో సంగట్లోనో మజ్జిగ పోసుకొని తాగి బడికి పోయేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం సద్దిరొట్టె ఉండేది. అది అత్త పెట్టిన అలవాటు.

సద్దిరొట్టె అంటే ఇవాళ్టి వాళ్ళకు తెలియకపోవచ్చు. పొద్దున నానబోసిన మినుములు సాయంత్రం పొట్టుతోనే రోట్లో రుబ్బి, కొర్రనూక కలిపి, మట్టి చట్టిలో మందంగా పోసి, కింద నిప్పు, మూకుడు బోర్లించి దాని మీద నిప్పు, ఆ నిప్పు మీద బూడిద కప్పి వదిలెయ్యడమే. తెల్లవారేసరికి పైనా కిందా ఎర్రగా కాలి, లోపల మెత్తగా, చట్టి అంత రొట్టె. పొద్దున ఎవరి సాయమూ లేకుండా పిల్లలే తీసుకొని తినొచ్చు. వేరుశెనగ పచ్చడి ఉంటే పండగ, లేకపోతే పచ్చి ఉల్లిపాయ.

ఈ రొట్టె అత్త ఒక్కతే ఎప్పుడూ చేసేది కాదు. పిల్లల్ని పిలిచేది. ముద్దు కోసం కాదు, పనికే. బడి నుంచి వచ్చీ రాగానే పలక పొడి చేతులు కడుక్కోవాలి. దానికి అందరికీ కలిపి ఒకటే చెంబు నీళ్ళు. ములగచెట్టు మొదట్లో వరుసగా నిలబెట్టి, ఒకరి చేతుల మీద నుంచి ఇంకొకరి చేతుల మీదికి జారేట్టు పోసేది. చివర నిలబడ్డవాడి చేతులు కడిగాక ఇంకా నల్లగా అయ్యేవి. అందుకని చివర నిలబడినవాడికి పొయ్యిలో కట్టెలు ఎగదోసే పని ఇచ్చేది, పిండి జోలికి రానిచ్చేది కాదు.

ఎవరి పని వాళ్ళది. కాశి చెయ్యి చిన్నది, చట్టి అడుగుదాకా పోతుంది గనక నూనె రాసి మోదుగాకులు పరచడం వాడిది. ఆ ఆకులు నల్లమల నుంచి చెంచు ఆడవాళ్ళు కట్టలు కట్టి తెచ్చి కొర్రలకు ఇచ్చిపోయేవాళ్ళు. పిండి కలపడం నాది. సగం పిండి పోశాక మధ్యలో తరిగిన ఉల్లిపాయా ములగాకూ పరచడం కూడా నాదే. దాని మీద నువ్వులు చల్లడం మా తమ్ముడిది. వాడు సగం నోట్లో పోసుకుంటాడని అందరికీ తెలుసు. వద్దని అత్త ఒక్కనాడూ అనలేదు. వాడి చేతికి నువ్వులే రెట్టింపు పోసేది.

మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. రొట్టె బ్రహ్మాండంగా కుదిరిననాడు "మాడలా" అనేది, అంతే. కుదరకపోతే చట్టిని తిట్టేది, మమ్మల్ని కాదు. నిప్పులు పెట్టాక మూకుడు దగ్గరికి చెవి వంచి వినేది. లోపల పిండి చిటపటమంటుంటే "ఇంకా మాట్లాడతా ఉండాది, ఉండనీ" అనేది. ఆ చప్పుడు ఆగాకే బూడిద కప్పేది. నేనూ వంగి వినబోతే జడ పట్టుకొని వెనక్కి లాగేది. వెంట్రుకలు కాల్చుకుంటే నన్నెవడు చేసుకుంటాడని ఆమె దిగులు. అప్పటికి నాకింకా పళ్ళూడటమే పూర్తి కాలేదు.

పొద్దున రొట్టెను కత్తితో కోసేది కాదు. నూలుదారం రెండు చేతులతో బిగించి పట్టుకొని నొక్కేది. ముక్కలు సమంగా వచ్చేవి. నడిమి ముక్క మెత్తన, దానికోసం కొట్టుకునేవాళ్ళం. ముందురోజు ఎవరు ఏడిస్తే వాళ్ళకు నడిమిముక్క అని ఆమె లెక్క. అది కనిపెట్టి మా తమ్ముడు సాయంత్రాలు ఉత్తపుణ్యానికి ఏడవడం మొదలుపెట్టాడు. ఏడ్చినందుకు వాడికి ఇచ్చేది, తగువు పడకుండా చూసినందుకు మాకు అడుగున కరకరలాడే చెక్క గోకి పెట్టేది. తను ఏం తినేదో ఎవరం చూడలేదు.

ఇట్లా నడుస్తుండగా మా నాయనా చిన్నాయనా వేరుపడ్డారు. పెద్ద గొడవేమీ లేదు. సంసారాలు పెరిగాయి, ఇల్లు చాలలేదు. వీధికి అవతల ఉన్న గింజలకొట్టం బాగుచేసుకొని చిన్నాయన వాళ్ళు అందులోకి మారారు. చేలూ ఎద్దులూ పంచుకోవడంలో ఒక్క మాట కూడా తేడా రాలేదని పెద్దమనుషులు గొప్పగా చెప్పుకున్నారు. తేడా అంతా రోటి దగ్గర వచ్చింది. ఆ రోలు మా పెరట్లో భూమిలో పాతిన రోలు, కదిలేది కాదు. అది మా వంతులోనే ఉండిపోయింది. అత్త పనంతా రోటి దగ్గరే గనక ఆమె కూడా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఎవరూ ఉండమని అనలేదు, పొమ్మనీ అనలేదు.

చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, చంటిబిడ్డ తల్లి. కొత్త ఇంటికి అత్త వస్తుందని, బిడ్డను ఎత్తుకుంటుందని ఆశ పెట్టుకుంది. అత్త రోటి దగ్గర ఉండటం చూసి, తమకంటే మా అమ్మావాళ్ళే ఎక్కువయ్యారని అనుకుంది. అడిగి ఉంటే తేలిపోయేది. అడగలేదు. అత్త కూడా, పిలిస్తేగాని తమ్ముడి ఇంటికైనా పోకూడదనే రకం. వీధికి ఇటు ఒకరు, అటు ఒకరు, ముఖాలు ముడుచుకొని కూర్చున్నారు.

పెద్దమనుషులు అత్త తిండి సంగతి కూడా తేల్చబోయారు. ఒక నెల ఈ ఇంట్లో, ఒక నెల ఆ ఇంట్లో అని వంతు చెప్పారు. మా నాయన సరేనన్నాడు, చిన్నాయన సరేనన్నాడు. అత్త మాత్రం రోటి దగ్గర నుంచి లేవకుండానే తన మాట చెప్పింది. అది నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"నేను వంతులేసుకొని తినే మనిషిని కాదు నాయనా. పొద్దున రెండిళ్ళ పిల్లోళ్ళకూ ఒక చట్టి పెడతా. ఆ చట్టిలోదే నాకింత. అది జరగని నాడు అర్ధవీడు పోతా."

అర్ధవీడు ఆమె అత్తగారి ఊరు. అక్కడ ఆమె మరిది ఉన్నాడు. మేకలు కాయడానికి మనిషి కావాలని ఎప్పటినుంచో కబురు పెడుతున్నాడు. వదిన కావాలని కాదు, మనిషి కావాలని. ఆ ఊళ్ళో ఆమెకు ఏం జరిగిందో, ఎందుకు పుట్టింటికి తిరిగొచ్చిందో మా పిల్లలకు ఎవరూ చెప్పలేదు గాని, ఆ ఊరి పేరు వస్తే ఆమె కుడిచేతి మచ్చను ఎడమచేత్తో మూసుకునేది. పోతానని ఆమె బెదిరించడం కాదని మాకందరికీ తెలుసు.

ఒక చట్టి పెట్టడం ఏం కష్టం అనుకోవచ్చు. ముందు మాది పెద్ద పొయ్యి, పెద్ద వంట, బోలెడు నిప్పు మిగిలేది. వేరుపడ్డాక మా పొయ్యి సగమైంది. కందికంప మంట చూడటానికి ఎత్తుగా లేస్తుందే గాని నిప్పు నిలవదు. మా పొయ్యి నిప్పు చట్టి కిందికే సరి. ఉన్న పిడకలు పాలు కాగబెట్టే దాలికే చాలవు. పైనిప్పు చిన్నాయన వాళ్ళ పొయ్యి నుంచి తేవాల్సిందే.

కొన్నాళ్ళు తెచ్చాం. నేనూ కాశీ కుండపెంకు పట్టుకొని పోయేవాళ్ళం, చిన్నమ్మ మాట్లాడకుండా తీసి పోసేది. ఒక సాయంత్రం మేం పోయేసరికి, రోజూలాగే గూట్లో దీపం వెలుగుతోంది. చిన్నమ్మ పొయ్యికి అడ్డంగా నిలబడింది.

"మీ అత్తకు చెప్పు. దీపం పెట్టినాక నిప్పు గడప దాటదు. ఒక ఇల్లే అనుకొని ఇన్నాళ్ళు ఏందో నడిచింది. ఇప్పుడిది వేరే ఇల్లు గదా, ఆమే గదా వేరు చేసింది."

చిన్నమ్మ చెప్పింది లేని ఆచారమేమీ కాదు. దీపాలు పెట్టాక ఇంట్లో నుంచి ఉప్పు, మజ్జిగ, నిప్పు బయటికి ఇవ్వరు. ఇస్తే ఇంట్లో లక్ష్మి కూడా వాటి వెంటే పోతుందని మా వైపు గట్టి నమ్మకం. కొత్త ఇల్లు, చంటిబిడ్డ, భయం ఉండదా? కాని చేలోంచి వచ్చి, దీపం పెట్టి, ఆ తర్వాతే గదా చిన్నమ్మ పొయ్యి ముట్టించేది. నిప్పు తయారయ్యేది ఎప్పుడూ దీపం తర్వాతే. అంటే ఇక ఏనాడూ నిప్పు రాదని అర్థం.

నేను వచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. అత్త వినింది. "ఆచారం ఆచారమే" అని ఊరుకుంది. చిన్నమ్మ మాటలో వెనకున్న దెబ్బ ఆమెకు తగల్లేదని నేననుకోను. తగిలింది కాబట్టే నిలబడి నిలబడి, ఖాళీ పెంకు నా చేతిలోంచి తీసుకొని గోడకు ఆనించింది.

ఆ రాత్రి రొట్టె పైనిప్పు లేకుండానే కాలింది. పొద్దున మూకుడు తీస్తే పైన తెల్లగా, పచ్చిపిండి. మర్నాడు సగం నిప్పు తీసి పైన పెట్టి చూసింది, రెండువైపులా పచ్చిదయింది. ఇంకోనాడు చట్టిలో తిరగవెయ్యబోయింది, విరిగి ముక్కలైంది. కాశి తిని కడుపునొప్పి తెచ్చుకున్నాడు. చిన్నమ్మ వాణ్ణి పొద్దున పూట మా ఇంటికి రావద్దంది. ఏ తల్లైనా అనే మాటే అది. కాని ఆ పొద్దున అత్త దారం బిగించి పట్టుకొని కాశి వస్తాడేమోనని వీధి వంక చూస్తూ కూర్చుంది. నాకు మా చిన్నమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఆడవాళ్ళ పంతాల మధ్య పిల్లల తిండి నలిగిపోవడం నేను అప్పుడూ సహించలేదు, ఇప్పుడూ సహించను.

అత్త ఎవరినీ నిష్ఠూరమాడలేదు. అర్ధవీడుకు కబురు పెట్టింది. మా నాయన "ఏందక్కా ఇది" అన్నాడు, చిన్నాయన వచ్చి తలవంచుకొని నిలబడ్డాడు. ఇద్దరూ ఉండమన్నారు. ఉంటే ఎట్లా ఉండాలో మాత్రం ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు. మగవాళ్ళు చేలు పంచగలరు గాని పొయ్యి నిప్పు సంగతి వాళ్ళకేం అర్థమవుతుంది?

మరిది బండి కట్టుకొని వచ్చాడు. రాగానే ఆమె కాళ్ళవంక, చేతులవంక చూశాడు, ఇంకా పనికొస్తుందా అన్నట్టు. మర్నాడు పొద్దున బయల్దేరాలన్నాడు. అత్త రెండు చీరలు మూటకట్టి అరుగు మీద పెట్టింది. మా అమ్మ లోపల ఏడుస్తోంది. మూట కట్టిన మనిషి మళ్ళీ పోయి రోటి దగ్గర కూర్చుంది. పొద్దున నానబోసిన మినుములు పారెయ్యడం ఎందుకని రుబ్బుతోంది. మేం చేతులు కడుక్కొని వచ్చాం. కాశి కూడా అమ్మ కన్నుగప్పి వచ్చాడు. ఎవరి పని వాళ్ళం చేశాం, ఆఖరుసారి అని అందరికీ తెలుసు. మా తమ్ముడు నువ్వులు ఒక్క గింజ కూడా తినకుండా చల్లాడు. నిప్పు తెమ్మని అత్త ఎవరికీ చెప్పలేదు.

పొద్దు కుంకింది. వీధిలో ఒక్కొక్క ఇంట్లో దీపం వెలిగింది. మా అమ్మ కళ్ళు తుడుచుకొని మా గూట్లోనూ పెట్టింది. ఎదుటి ఇంట్లో మాత్రం దీపం లేదు. చిన్నమ్మ చేలోంచి వచ్చిందని తెలుసు, ఎందుకంటే పొయ్యి మంట గోడ మీద ఆడుతోంది. ఆ వెలుతుర్లోనే ఆమె నీడ వంగుతూ లేస్తూ వంట చేస్తోంది. చంటిది చీకట్లో ఏడుస్తోంది. దారినపోయే ఒక ముసలామె ఆగి, సందెవేళ దాటిపోయింది, దీపం పెట్టలేదేం, నూనె లేదా అని గడపలో నుంచి అడిగింది. చిన్నమ్మ గొంతు మా రోటి దగ్గరికి స్పష్టంగా వినబడింది.

"ఇంకా పొద్దుండాదిలే అవ్వా."

ఎక్కడి పొద్దు? చుక్కలు కనబడుతున్నాయి. ముసలామె ఆకాశం వంక చూసి, ఏమీ అర్థంకాక గొణుక్కుంటూ పోయింది. ఇంకొకరెవరో ఆగారు. వాళ్ళకూ అదే జవాబు. ఊళ్ళో అందరి ముందూ సందెదీపం పెట్టని ఇల్లాలు అనిపించుకోవడం కంటే పరువు తక్కువ పని ఆ రోజుల్లో లేదు. చిన్నమ్మ అన్నం ఉడికిందో లేదో చూసింది, కట్టెలు సర్దింది, దీపం మాత్రం ముట్టించలేదు. వత్తి వేసి, నూనె పోసిన ప్రమిద గడప పక్కన పెట్టుకొని, మా ఇంటి వంక చూస్తూ బిడ్డను ఒళ్ళో వేసుకొని కూర్చుంది.

రోలు కడుగుతున్న అత్త చేతులు ఆగిపోయాయి. కాసేపు అటే చూసింది. తర్వాత నాతో అంది, గొంతు మామూలుగానే ఉంది.

"పెంకు తీసుకొని పోండి. ఆ పిల్ల చీకట్లో కూర్చోనుండాది."

నేనూ కాశీ పరుగెత్తాం. చిన్నమ్మ మమ్మల్ని చూసి లేచి, పొయ్యిలో ఉన్న నిప్పంతా పెంకులోకి ఎత్తింది. ఇంకా సగం మండుతున్న కొరకంచులు కూడా పెట్టబోతే కాశి చెయ్యి కాలుతుందని నేను వద్దన్నాను. మేం గడప దాటి వీధిలోకి వచ్చాకే వెనక దీపం వెలిగింది. మా నీడలు మా ముందు పడ్డాయి, వాటిని తొక్కుకుంటూ ఇంటికి వచ్చాం.

తెల్లవారి మూకుడు తీస్తే రొట్టె ఎర్రగా ఉంది. అత్త దారంతో కోసి అందరికీ పెట్టింది, కాశికి, చంటిదాన్ని ఎత్తుకొచ్చిన చిన్నాయనకు, బండి దగ్గర నిలబడ్డ మరిదికి కూడా. మరిది ముక్క తిని, చెయ్యి కడుక్కొని, పోదామా వదినా అన్నాడు. ఆమె మూట అరుగు మీద నుంచి తీసి లోపల దండెం మీద వేసింది. అదే జవాబు. అతను బండి ఖాళీగా తోలుకొని పోయాడు. ఆమె చెయ్యి మచ్చ మీదికి పోలేదు, నేను చూశాను.

ఆ రోజు పొద్దు ఇంకా బారెడు ఉండగానే అత్త చేతులు కడుక్కొని, ఎవరూ పిలవకుండా, వీధి దాటి కొట్టం ఇంటికి పోయింది. నేనూ వెంట పోయాను. దీపాల వేళకు ముందే ఆ పొయ్యి ముట్టిస్తే, నిప్పు ముందే తయారవుతుంది, ఎవరి దీపమూ ఆగాల్సిన పని లేదు. అత్త ఇన్నాళ్ళూ రోటి దగ్గర కూర్చొని చెయ్యని పని అది. చిన్నమ్మ ఆ రోజు చేలోంచి ముందే వచ్చి ఉంది. గడపలో అత్తను చూసి బిత్తరపోయింది. పీట పొయ్యి ముందుకు జరిపి అత్తకు వేసింది. అత్త కూర్చొని కంప విరవసాగింది.

నెలల తరబడి ఆ పొయ్యి మీద ఒంటిచేత్తో వంట చేసుకుంటున్న మనిషి చిన్నమ్మ. చెంబు పట్టుకొని అత్త పక్కన నిలబడి, అప్పుడే కాపురానికి వచ్చిన పిల్ల అడిగినట్టు అడిగింది.

"ఎసరు ఎంత పొయ్యాల వదినా?"